మామ బ్యానర్‌కు నేనిచ్చిన మూడు మాటలు

నాలుగు ఇంగ్లీషు ముక్కలు కొత్తగా ఒంటబట్టిన ఆ రోజుల్లో నాకు లోకంలో అందరూ మొద్దుల్లాగే కనిపించేవారు. ఇరవై రెండేళ్లు. మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో ట్రెయినీగా చేరి, సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేవాణ్ణి. అక్కడ రోజుకు ఐదు మాటలు నేర్పేవారు. మర్నాడు క్యాంటీన్‌లో వాటిని ఎవరూ అడగకుండానే వాడేసేవాణ్ణి. (ఇడ్లీని ‘మీడియోకర్’ అన్నందుకు వంటాయన వారం రోజులు నాకు సాంబారు తగ్గించాడు.)

మా అమ్మ తమ్ముడు కెలమంగలంలో పట్టుపురుగులు పెంచేవాడు. ఊళ్లో ఆయన పేరు బ్యానర్ మామ. బోరులో నీళ్లు పడితే బ్యానర్, ఆవు ఈనితే బ్యానర్, అన్నిట్లోనూ నల్లకళ్లద్దాలతో ఆయన ఫోటో. నా ఉద్యోగం ఆయన మాటసాయంతోనే దొరికింది. నేను చేరిన మర్నాడే కెలమంగలం బస్టాపులో ‘మేనల్లుడికి కొలువు ఇప్పించిన మామకు వందనాలు’ అని బ్యానర్ లేచింది. అందులో మామ నిలువెత్తున ఉన్నాడు. నేను ఆయన మోకాలి పక్కన, పదో తరగతి హాల్‌టికెట్ ఫోటోలో, స్టాంపు బిళ్లంత ఉన్నాను. అది ఫోన్లలో తిరిగి తిరిగి ఫ్యాక్టరీకి చేరింది. నెల రోజులు అందరూ నన్ను ‘మోకాలు’ అని పిలిచారు.

పగ తీర్చుకునే అవకాశం మామే తెచ్చి చేతిలో పెట్టాడు. కొత్త ఇంటి గృహప్రవేశం దగ్గరపడింది.

“అల్లుడా, మీ సూపర్‌వైజర్ సార్‌ను గూడా పిలిచినాను. బ్యానర్‌లో నా పేరు కింద మూడు ఇంగ్లీష్ మాటలు ఉండాల. గట్టివి చూసి చెప్పప్పా,” అన్నాడు.

సరిగ్గా ఆ వారమే క్లాసులో డాబుకూ, ఆర్భాటానికీ, సిగ్గుమాలినతనానికీ ఉన్న మాటలన్నీ నేర్పారు. ఆస్టెంటేషస్, ఫ్లాంబోయంట్, బ్రేజెన్ అని రాసిచ్చాను. ఉన్నదీ లేనిదీ ఊరికి చూపించుకునేవాడు, కళ్లు జిగేల్మనేలా హంగు చేసేవాడు, సిగ్గు విడిచినవాడు.

“అర్థం ఏమప్పా?”

“దానగుణం, తేజస్సు, ధైర్యం, మామా,” అన్నాను రెప్ప వేయకుండా.

గృహప్రవేశం రోజు మా సార్ బ్యానర్ ముందు ఆగి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మామ పొంగిపోయి నన్ను భుజం పట్టి ముందుకు తోశాడు. “అంతా మా అల్లుడే రాసిచ్చినాడు సార్. ఇంగ్లీష్ అంటే వానికి నీళ్లు తాగినట్టు.”

సార్ నవ్వడం మానేసి, “రేపు వచ్చి నన్ను చూడు,” అన్నారు. ఆ పూట వడ్డించిన తీపి ఒబ్బట్టును ఆకుతోపాటే మడిచేసి లేచాను.

మర్నాడు ఆయన ఒకటే అడిగారు. “ఆ మాటలకు అర్థం తెలిసి రాసిచ్చినావా, తెలీకనా?”

తెలిసి అంటే, కొలువు ఇప్పించిన మనిషిని నడివీధిలో తిట్టినవాణ్ణి. తెలియక అంటే, ఇన్నాళ్లూ క్యాంటీన్‌లో ఒలకబోసిన ఇంగ్లీషంతా ఉత్తదే. ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే ఆయనే రిపోర్టు రాయాలి.

“తెలీక, సార్.”

“సరే. కస్టమర్లకు మెయిల్ రాసే పనికి నిన్నే అనుకొంటి. వద్దులే, మిషన్ కాడే ఉండు.”

ఉద్యోగం పర్మనెంట్ అయింది, ఇంగ్లీషు పరువు పోయింది. ఎవరికీ చెప్పుకోలేని అవమానం అది. కొన్ని నెలలు దిగమింగుకుని, ఒక ఆదివారం కెలమంగలం వెళ్లి, పురుగులకు ఆకు వేస్తున్న మామకు మూడు మాటల అసలు అర్థాలూ ఒప్పజెప్పాను. ఆయన చేతిలోని ఆకు తట్టలో సర్దుతూ అంతా విన్నాడు.

“సిగ్గులేనోడు అనేది యా మాట?”

“బ్రేజెన్, మామా.”

“పలికేదానికి అదే సులువుగా ఉండె,” అన్నాడు. చేతులు దులుపుకుని, “ఈ ఊర్లో నన్ను అందరూ తెలుగులోనే అంటారప్పా. నువ్వొక్కడివే చదువుకొని వచ్చి ఇంగ్లీష్‌లో అంటివి. కూర్చో, కాఫీ తాగి పోదువు,” అన్నాడు.

 కాఫీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చుని, తాగరా అబ్బాయీ అనాలనిపిస్తుంది.