కిటికీ లేని గదిలో రెండు తొట్లు

కాదు, అతనికి చేపలంటే ఇష్టం ఉంటే ఉండనీ, దాంతో నాకు పేచీ లేదు. కానీ ఆ గదిలో మొదటి తొట్టి పెట్టింది నేను. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. నాయనకు కూడా.

తిరుపతిలో మా ఇంటికి రెండు పక్కలా గోడకు గోడ ఆనించి ఇళ్లు లేచాయి. దాంతో మధ్య గదికి ఉన్న ఒక్క కిటికీనీ ఇటుకలు పెట్టి మూసేశారు. మిట్ట మధ్యాహ్నం కూడా లైటు వేయందే అందులో మన చెయ్యి మనకు కనపడదు. బియ్యం మూటలు, పాత పరుపులు పడేసుకునేవాళ్లం. చేపల తొట్టికి అంతకంటే మంచి చోటు లేదని ఫోన్‌లో చూసి తెలుసుకున్నది నేను. ఎండ తగిలితే తొట్టికి పాచి పడుతుంది. ఇక్కడ ఎండ రాదు. పగలు ఎంతసేపు ఉండాలో, రాత్రి ఎప్పుడవ్వాలో మనమే పెట్టుకోవచ్చు. నేను కొన్న లైటు ఫోన్‌తో నడిచేది. ఉదయం పదింటికి వెలగాలి, సాయంత్రం ఆరింటికి ఆరిపోవాలి. ఒకసారి పెట్టేస్తే చాలు, ఇంక దాన్ని ముట్టుకునే పని లేదు. సూర్యుణ్ణి జేబులో వేసుకుని తిరుగుతున్నట్టు ఉండేది నాకు.

అప్పుడు వచ్చాడు అన్న. మా పెద్దనాయన కొడుకు, నాకంటే మూడేళ్లు పెద్ద. చిత్తూరు పక్కన మామిడి తోట వాళ్లది. శ్రీసిటీలో ఉద్యోగం దొరికింది, ఫ్యాక్టరీ బస్సు మా వీధి చివరే ఆగుతుంది కాబట్టి మా ఇంట్లో ఉంటానన్నాడు. నా గదిలోనే ఇంకో మంచం వేశారు. సరే అనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే ఎవరో వదిలించుకున్న పాత తొట్టి ఒకటి తెచ్చి, మధ్య గదిలో నా తొట్టి పక్కనే పెట్టాడు. దానికి మామూలు ట్యూబ్‌లైటు. ఆ ట్యూబ్‌లైటుకు చక్రం తిరిగే పాతకాలం టైమరు. చక్రం చుట్టూ చిన్న చిన్న పళ్లు, వెలగాల్సిన గంటలకు ఆ పళ్లు కిందికి నొక్కాలి. అది చూసి నేను నవ్వాను. ఫోటో తీసి ఫ్రెండ్స్‌కి కూడా పంపాను.

మూడో నెలకు అతని తొట్టిలో మొక్కలు నీటి పైదాకా పెరిగాయి. నా తొట్టి అద్దాలకు పచ్చగా జిగురు పట్టింది. గీకితే వారానికి మళ్లీ పట్టేది. నా ఏంజెల్ చేపలు మూలకు చేరి, ఎవరో తిట్టినట్టు ముఖాలు పెట్టుకుని ఉండేవి.

బస్టాండు దగ్గర మాకు చిన్న లాడ్జి ఉంది. దానికి రంగులు వేయిస్తూ, రిసెప్షన్లో ఒక చేపల తొట్టి పెడదామన్నాడు నాయన. ఇద్దరిదీ చూసి, పని అయ్యేనాటికి ఏది బాగుంటే అది తీసుకుపోతానన్నాడు. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఇంట్లో నా పని ఏదైనా నాయన పదిమందికి చూపించుకున్నాడంటే అదే మొదటిది అయ్యేది. రోజూ మధ్య గదిలోకి వచ్చి చూసేవాడు. అన్న తొట్టి ముందైతే స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"వాని తొట్టి సూస్తే కండ్లకు సల్లగా ఉండాది. నీదేందిరా, సద్దికూటి మీద బూజు మాదిరి?"

నా దగ్గర ఎప్పుడూ స్టూలు వేసుకోలేదు.

వచ్చిన కొత్తలో అన్న ఒక మాట చెప్పిన సంగతి దాచను. ఆరు దాటినాక కూడా నీ లైటు వెలుగుతా ఉండాది, సూసుకో తంబీ అన్నాడు. నేను ఫోన్ తీసి అతని ముఖం ముందు పెట్టాను.

"ఆఫ్ అని ఉండాది సూడు. నీది నువ్వు సూసుకో. నా దాని జోలికి రాబాక."

మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. కానీ నాకు ఒక లెక్క దొరికింది. సాయంత్రాలు నేను ఇంట్లో ఉండను, పదింటికి వస్తాను. అన్న పగటి షిఫ్టులో ఉన్న వారం గది చీకటిగా ఉండేది. నైట్ షిఫ్టు వారం, అతను సాయంత్రం ఆరున్నరకు బస్సెక్కిన రోజుల్లో, నేను వచ్చేసరికి నా తొట్టి లైటు వెలుగుతూ ఉండేది. నేనే ఆర్పి పడుకునేవాణ్ణి. అంటే పోతూ పోతూ వేసి పోతున్నాడు. ఇంకేం అనుకోవాలి? ఆదివారం అన్నం ముందు కూర్చుని అందరి ఎదుటా అనేశాను. అన్న కలుపుకున్న ముద్ద తిన్నాడు. వానికేం పనిరా అని నాయన నన్నే కసిరాడు.

పట్టిస్తానని మర్నాడు సాయంత్రం మధ్య గదిలో బియ్యం మూట మీద కూర్చున్నాను, ఫోన్ చేతిలో పట్టుకుని. సరిగ్గా ఆరింటికి నా లైటు ఆరిపోయింది. తర్వాత అతని ట్యూబ్‌లైటు. అన్న చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు, గదిలోకి తొంగి కూడా చూడలేదు. కాసేపటికి అవ్వ వచ్చింది, నాయన వాళ్లమ్మ. దేవుడి దగ్గర దీపం పెట్టి, అగరొత్తి పట్టుకుని, ఇల్లంతా లైట్లు వేసుకుంటూ. రెండు తొట్ల స్విచ్చులూ ఒకసారి ఆపి మళ్లీ వేసింది. టైమరు చక్రం ఒప్పుకోలేదు కాబట్టి అన్న లైటు వెలగలేదు. నాది భగ్గున వెలిగింది. కరెంటు పోయి వస్తే వెలగడం దాని గుణమట. ఫోన్‌లో మాత్రం ఇంకా ఆఫ్ అనే ఉంది. ఆ గదిలోకి వైఫై సరిగ్గా రాదు. మూడు నెలలు నేను ఫోన్‌నే చూశాను.

"దీపాలు పెట్టే యాళకు ఇంట్లో సీకటి ఉండకూడదు నాయనా. వానిది ఎలగదు, నీదే నా మాట ఇంటాది."

నేను వచ్చేదాకా వెలిగితే ఎట్లా అవ్వా అన్నాను. మీ అన్న ఇంట్లో ఉంటే రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి ఆర్పుతాడులే, లైటుకే చిన్న బటన్ ఉండాదంట అంది. నీకు చెప్పొద్దన్నాడట. చెబితే కసురుకుంటానట.

ఇది విని నాకు సిగ్గేసిందని మీరు అనుకుంటారు. లేదు. కడుపు మండింది. నా తొట్టికి రాత్రి తెచ్చిపెట్టింది కూడా అతనే. అవ్వ వెళ్లాక అతని టైమరు దగ్గరికి పోయి, చక్రం మీది పళ్లన్నీ వరసగా కిందికి నొక్కేశాను, ఒక్కటీ మిగల్చకుండా. ఇక రాత్రీ పగలూ వెలుగుతుంది. నేను చేయలేదని ఎవరికీ చెప్పను, చేశాను.

ఉదయం తొమ్మిదింటికి అన్న వచ్చాడు. మధ్య గదిలోకి వెళ్లాడు. నేను మంచం మీద ఫోన్ చూస్తున్నట్టు పడుకుని, అతను అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే బాగుండు. సమానం అయిపోయేవాళ్లం. బయటికి వచ్చి అన్నాడు:

"తిన్న్యావా తంబీ?"

అంతే. తర్వాత వెళ్లి చూస్తే పళ్లు మళ్లీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

శుక్రవారం రాత్రి నాయన అన్న తొట్టిని తీసుకుపోయాడు. నీళ్లు సగం తీసేసినా బరువే. అన్న డ్యూటీలో ఉన్నాడు కాబట్టి ఒక వైపు నాయన పట్టుకున్నాడు, ఇంకో వైపు నేను. ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లాడ్జిలో దిగిన యాత్రికుల పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తుంటే, మా అన్న కొడుకు పెంచినాడు అని నాయన చెప్పుకుంటున్నాడు. ఆ టైమరు ప్లగ్గు పెట్టింది నేను.

అతను ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు, నాయనకు చెప్పలేదు, ఈరోజుకీ పక్క మంచం మీద హాయిగా నిద్రపోతాడు. గొప్పవాడనే అంటారు మీరూ, నాకు తెలుసు. అంత మంచితనం రోజూ మీ మంచం పక్కనే గురక పెడుతుంటే, మీకు మండదా?