ఆర్డరులో ఎక్కని పేరు

ఒక మనిషి పేరు చాలా ఏళ్లుగా నా గుండెల మీద ఉంది. యాదగిరి. దేవుడి పేరే. కానీ గుడిలో దండం పెట్టుకునేటప్పుడు కూడా ఆ పేరు నా నోట రాకుండా చూసుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఆ మాత్రం చాటు లేకపోతే ఈ మాట నా నోరు దాటదు. ఊరూ పేరూ లేకుండా రాసే ఉత్తరాలంటే నాకు మొదటినుంచీ అసహ్యం. ఇప్పుడు నేనే రాస్తున్నాను.

నేను సైన్యంలో గుమాస్తాగా పనిచేశాను. తుపాకీ పట్టడం నేర్పారు గానీ అన్నం పెట్టింది టైపు మిషనే. మా ఇల్లు చిక్కడపల్లిలో, గ్రంథాలయం వెనక సందులో. పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చాక, తెలిసిన విద్య అదొక్కటే కాబట్టి, మాజీ సైనికులకు అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టాను. పుట్టిన తేదీ తప్పు పడినవాళ్లు, భార్య పేరు ఎక్కనివాళ్లు, ఎవరో చేసిన పొరపాటుకు జీవితమంతా తిరుగుతున్నవాళ్లు వస్తారు. పైసా తీసుకోను. పేటలో నాకు మంచి పేరుంది. ఎవరైనా ఆ మాట అన్నప్పుడు మాత్రం తేలు కుట్టిన దొంగలా తల దించుకుంటాను. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు.

అసలు విషయం చాలా చిన్నది. అంత చిన్నది కాబట్టే ఇన్నేళ్లు దాచగలిగానేమో.

మా కంపెనీలో రోజూ సాయంత్రం మర్నాటి ఆర్డరు టైపు చేసి బోర్డుకు అంటించేవాళ్లం. కాపలా ఎవరిది, వంటకు ఎవరు, ఆటకు ఎవరు, అన్నీ అందులో ఉంటాయి. బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఆర్డరులో పేరుంటే ఆట కూడా డ్యూటీయే. ఆడుతూ కాలు విరిగినా, సరిహద్దులో విరిగినట్టే లెక్క. పేరు లేకపోతే అది మన సరదా. మన సరదాకు సర్కారు జవాబుదారీ కాదు.

ఆదివారం రెండు కంపెనీల మధ్య కబడ్డీ పందెం ఉంది. ముందు రోజు సాయంత్రం, ఆర్డరు అప్పటికే అంటించేశాక, మా సుబేదారు ఆఫీసు గుమ్మంలో నిలబడి, ఆటగాళ్లలో ఒకడికి జ్వరం వచ్చిందని, వాడి బదులు యాదగిరి ఆడతాడని చెప్పారు. "యాదగిరి కా నామ్ డాల్ దేనా, బాబూ" అని, అతని పేరు ఎక్కించమని చెప్పి వెళ్లిపోయారు. గుమాస్తాలందరినీ బాబూ అనే పిలిచేవారాయన. ఒక్క లైను. కింద చిన్న చీటీ టైపు చేసి అంటిస్తే అయిపోయే పని.

నేను చేయలేదు. మర్చిపోయాను. ఆ వారంలోనే నా పెళ్లికి సెలవు మంజూరైంది. ఆ సాయంత్రం బజారుకు పోయి పెళ్లికూతురికి చీర కొనాలి. ఏ రంగు కొనాలా అన్నదే నా బుర్రలో ఉంది. మనిషి మర్చిపోతాడు. అది తప్పే, కానీ పాపం కాదు. పాపం తరువాత మొదలైంది.

పందెంలో యాదగిరి మోకాలు చితికింది. జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, కూతకు వెళితే ఎవరికీ చిక్కేవాడు కాదు. నలుగురు మీద పడ్డారట. సోమవారం పొద్దున మేజరు సాబు నన్ను పిలిచి, ఆర్డరు చేతిలో పట్టుకుని అడిగారు. ఇందులో ఇతని పేరు లేదే, ఎవరు ఆడమన్నారు, నీకెవరైనా చెప్పారా?

చెప్పారు సాబ్, నేనే మర్చిపోయాను. అంటే ఏమయ్యేది? చీవాట్లు పడేవి. సెలవు రద్దయ్యేదేమో. మహా అయితే రావలసిన ప్రమోషను ఆగేది. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. ఆ క్షణాన మాత్రం ముహూర్తం, శుభలేఖలు, మా నాన్న ముఖం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. లేదు సాబ్, నాకెవరూ చెప్పలేదు, అన్నాను. ఆ సాయంత్రమే రైలెక్కాను.

సుబేదారు అప్పటికే, ఆదివారం పొద్దునే, ఉద్యోగ విరమణ చేసి వాళ్ల ఊరికి, ఎక్కడో ఉత్తరాన కుమావోన్ కొండలకు, వెళ్లిపోయారు. సుబేదారే ఆడమన్నారని యాదగిరి చెప్పాడట. ఎవరూ ఆయనకు ఉత్తరం రాసి అడగలేదు. బోర్డు మీది కాగితం ఉంది కదా, గుమాస్తా మాట ఉంది కదా. నేను సెలవు నుంచి వచ్చాక విచారణలో అదే మాట రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం యాదగిరికి ఎవరూ చూపలేదు. మొదటిసారి భయం. మరి రెండోసారి? అప్పటికి పెళ్లయిపోయింది. సెలవు ఎవరూ లాక్కోలేరు. అయినా ఎందుకు పెట్టాను? ఒకసారి అబద్ధమాడినవాడికి రెండోది సులువు అంటారు. సులువు కాలేదు. అయినా పెట్టాను.

యాదగిరి రికార్డులో ఒక వాక్యం పడింది. అనుమతి లేకుండా, సొంత ఇష్టంతో ఆడి గాయపడ్డాడని. వైకల్యం పింఛను రాలేదు. కుంటుకుంటూ ఇంటికి పోయాడు. సరదాకు ఆడి కాలు పోగొట్టుకున్నోడని ఊళ్లో అన్నారట. అన్నది ఎవరైనా, అనిపించింది నేను. చాలా కాలానికి సుబేదారు పోయారన్న కబురు తెలిసింది. మీకు నిజమే చెబుతాను. ఆ కబురు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది.

ఇక్కడితో ఆగితే ఈ కథ ఒక పిరికివాడి కథ. నేను పిరికివాడి కంటే కింది మెట్టు.

ఎందుకంటే యాదగిరి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మాజీ సైనికులకు అర్జీలు రాసే పెద్దమనిషి చిక్కడపల్లిలో ఉన్నాడని ఎవరో చెబితే వచ్చి, తలుపు తీసిన నన్ను చూసి, "అన్నా, నువ్వేనా!" అని కావలించుకున్నాడు. అశోక్‌నగర్‌లో, ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలుండే ఒక హాస్టల్‌కు వాచ్‌మన్‌గా ఉన్నాడప్పటికి. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. నాలుగంతస్తులు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, పసిపిల్లాడిలా ఎక్కుతాడు. నా రికార్డుల ఆ ముక్క తీసేయించు అన్నా, అన్నాడు. పైసలొస్తే మంచిదే, రాకున్నా సరే, మాట మీరినోడినని సర్కారు కాగితంల ఉండొద్దు, అన్నాడు.

నేను రాసిపెట్టాను. ఒకటి కాదు, ఎన్నో అర్జీలు. అతని క్రమశిక్షణ గురించి, పేదరికం గురించి, చదివినవాళ్లకు కళ్లు చెమర్చేలా రాశాను. గెలిపించే ఒక్క ముక్క మాత్రం రాయలేదు. ప్రతి అర్జీ ఒకటే జవాబుతో తిరిగొచ్చింది. కొత్త సాక్ష్యం లేదు, మార్చడం కుదరదు. కంచే చేను మేస్తే అంటారే, అదే నేను. చేను యజమాని మాత్రం కంచెకు దండం పెడుతూ సీతాఫలాలు తెచ్చేవాడు. మా ఆవిడ అతనికి ఉప్మా పెట్టి, కొసరి వడ్డించేది. అతను వెళ్లాక, ఎంత ఓపికండీ మీకు అనేది.

మొదట్లోనే ఒకసారి అడిగాడు, ఆ సాయంత్రం సుబేదారు చెప్పింది నీకు యాదున్నదా అని. గుర్తు లేదు అన్నాను. ఆ తరువాత రెండు మూడుసార్లు అడిగాడు. లేదనే అన్నాను. ఆపైన అడగడం మానేశాడు.

ఈమధ్య నారాయణగూడలో ఒక లాయరమ్మ దగ్గరికి పోదామన్నాడు. చిన్న వయసు, మంచి పిల్ల. అతని దగ్గరున్న కాగితాలన్నీ చదివి, ట్రిబ్యునల్‌కు పోవచ్చు గానీ ఆ రోజు అక్కడున్నవాళ్లు ఎవరైనా అఫిడవిట్ ఇస్తేనే నిలబడుతుంది అంది. యాదగిరి నా వైపు చూశాడు.

"అన్న ఉండె మేడం. ఆఫీసుల అన్ననే ఉండె. గని అన్నకు యాద్ లేదు."

"సార్, కొంచెం గుర్తు చేసుకోండి," అంది ఆ అమ్మాయి. "మీ ఒక్కరి మాట చాలు. ఆయనను ఆడమని సుబేదారు చెప్పారని రాసిస్తే కేసు మారిపోతుంది."

నేను నోరు తెరవకముందే యాదగిరి అడ్డం పడ్డాడు.

"వద్దు మేడం. యాద్ లేని ముచ్చట అన్న ఎట్ల రాస్తడు? నా కోసం అన్నతోని అబద్ధం ఆడించొద్దు. ఈ వయసుల ఆయనకెందుకు పరేషాన్? పోనియ్యండ్రి."

ఆ మాట విన్నాక నేను ఏమన్నానో, మెట్లు ఎలా దిగానో తెలియదు. నా చేత అబద్ధం ఆడించకూడదట! నా నోరు మైలపడకుండా చూడాలనుకున్నాడు. అతను తిట్టి ఉంటే, అనుమానించి ఉంటే, ఇంకో పదేళ్లు గడిపేసేవాడినేమో. ఆ మంచితనం ముందు నిలబడలేకపోయాను. ఇంటికి పోకుండా చౌరస్తాలో బస్సులు చూస్తూ కూర్చున్నాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎవరో అమ్మాయి మంచినీళ్ల సీసా ఇచ్చి, ఏమైంది అంకుల్ అని అడిగింది. ఏమని చెప్పను?

మర్నాడు అఫిడవిట్ రాశాను. ఎన్నో కాగితాలు రాసినవాడిని, ఆ పేజీన్నరకు పొద్దంతా పట్టింది. మొదట, పొరపాటున మర్చిపోయాను అని రాసి, ఎంత ముద్దుగా ఉందో చూసుకున్నాను. దాని కింద, తరువాత తెలిసి తెలిసి అబద్ధం చెప్పాను, అని చేర్చాను. నోటరీ చేయించి, లాయరుకు ఇచ్చేముందు అశోక్‌నగర్ వెళ్లాను. అతనికి నా నోటితోనే చెప్పాలి కదా.

హాస్టల్ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లేవబోతుంటే వద్దన్నాను. చెప్పాను. సుబేదారు చెప్పారని, నేనే ఎక్కించలేదని, నాకు ఒక్కరోజు కూడా మరుపు రాలేదని. పెళ్లి సెలవు సంగతి కూడా చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను.

అతను మెల్లగా అడిగాడు.

"అంటే, సుబేదార్ సాబ్ చెప్పిండు?"

"చెప్పారు."

"నువ్వు లేదు లేదంటుంటే, నేనే ఎగబడి దిగిననేమో అనుకున్న అన్నా. నాకే మతి తప్పిందేమో అనుకున్న."

ఇది నాకు తెలియదు. కాలు పోవడం తెలుసు, పింఛను పోవడం తెలుసు. అతని జ్ఞాపకాన్ని కూడా నేనే దొంగిలించానని అప్పుడే తెలిసింది. నా చేతిలో కాగితం తీసుకున్నాడు. ఇంగ్లీషులో ఉంది, అయినా మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దీన్ని నేనే ఇస్త మేడంకు. నువ్వు ఇంటికి పో," అన్నాడు. కోపంగా కాదు. క్షమించినట్టూ కాదు. చేతికర్ర తీసుకుని లోపలికి పోయాడు.

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. ట్రిబ్యునల్‌లో అర్జీ వేశామని లాయరమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఏమవుతుందో తెలియదు. అబద్ధపు సాక్ష్యం సంగతి నా మెడకు చుట్టుకోవచ్చునని కూడా చెప్పింది. చుట్టుకోనీ. యాదగిరి మా ఇంటికి రావడం లేదు. ఎందుకు రావడం లేదని మా ఆవిడ అడుగుతోంది. ఆమె మెడలో తాళి పడిన ముహూర్తానికి ఒక మనిషి మోకాలు ముడిపడి ఉందని ఇంకా చెప్పలేదు. చెప్పాలి.

ఇంకొక్క మాట ఉంది. అదీ చెప్పకపోతే మీతో కూడా దాచినవాడినవుతాను. అతనికి చెప్పి వచ్చిన రోజు నాకు నిద్ర పట్టింది. కల లేని నిద్ర, తెల్లారేదాకా. నా నోటితో నేను నిజం చెప్పగానే ముందు తేలికైంది నేనే. అతను ఆ పొద్దున కూడా నాలుగంతస్తులూ ఎక్కే ఉంటాడు.