‘బావ’ అని ముందు అన్నది నేనే

బందరులో మా కాలపు వీడియో గేముల గురించి అందరూ మాట్లాడారు. దుకాణం యజమాని మాట్లాడారు, ఆయన తమ్ముడు మాట్లాడారు, ఎదురు స్వీటు షాపాయన కూడా మాట్లాడారు. నన్ను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆ ఆట పెట్టెకు ‘బావ’ అని పేరు పెట్టింది నేను. అడగకపోయినా చెబుతాను.

మాది దివిసీమలో సముద్రపు ఒడ్డు ఊరు, చేపల వేట ఇల్లు. డిగ్రీ అయ్యాక బందరులో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కౌంటరు దగ్గర కుదిరాను. యజమానిది గుడివాడ. బజారంతా ఆయన్ను మావయ్య అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. టీవీకి తగిలించుకునే ఆట పెట్టెలు ఆయన మద్రాసు నుంచి తెప్పించారు. అట్టపెట్టె విప్పితే వచ్చే కొత్త ప్లాస్టిక్ వాసన నాకిప్పటికీ గుర్తే. ఛానల్ తిప్పుతూ ఉంటే తెర నిండా చీమలు, చీమలు, ఉన్నట్టుండి రంగులు! క్యాసెట్ ఆడకపోతే బయటికి తీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ దూర్చేవాళ్లం. ఎలాగో ఆడేది.

పెట్టె మీద పేరు ఇంగ్లీషులో ‘సైక్లోన్ కింగ్’. చూసిన రోజే చెప్పాను.

“మావయ్యా, ఈ పేరు మన దగ్గర పనికిరాదండీ.”

“ఏరా, మీ ఊళ్లో అందరికీ ఇంగ్లీషొచ్చా ఏంటి?” అని పకపకా నవ్వారు. కొనేవాళ్ల ముందే నవ్వారు. అది నేను మర్చిపోలేదు.

గుడివాడ, పామర్రు షాపులకు వేసినవి బాగానే అమ్ముడుపోయాయి. మా దివిసీమలోని అవనిగడ్డ వైపు పంపినవి మాత్రం సీలు కూడా విప్పకుండా తిరిగొచ్చాయి. “అక్కడోళ్లకి ఆటలు పట్టవురా” అని మావయ్య తేల్చేశారు.

ఒక మధ్యాహ్నం మా వైపు నుంచే ఒక పడవాయన కొడుకునూ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. మావయ్య భోజనానికి ఇంటికి వెళ్లారు. పిల్లలిద్దరూ చెరో రిమోట్ పట్టుకుని ఒకటే గోల. ఆ పిల్ల ఎంతకీ వదలదు. సరే, ప్యాక్ చేస్తుంటే ఆయన అడిగాడు.

“దీని పేరేంటి బాబూ?”

చదివి, తుఫాను రాజని అర్థం కూడా చెప్పాను.  కూతురు చేతిలోని రిమోట్ ఆయన మెల్లగా తీసి కౌంటరు మీద పెట్టాడు.

“ఆట బాగుంది బాబూ. మా అమ్మ ఉప్పెనలో పోయింది. ఆ పేరున్నదాన్ని తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకోమంటావా?”

మావయ్య రాగానే జరిగింది చెప్పాను. పేరంటే ఇంట్లో నోరారా పిలుచుకునేలా ఉండాలన్నాను. ఇది ఇద్దరు ఎదురెదురుగా ఆడుకునే ఆట. ఓడించాలి, వెక్కిరించాలి, అలిగితే బతిమాలి మళ్లీ కూర్చోబెట్టాలి. మన ఇళ్లల్లో ఆ చనువు ఎవరితో ఉంటుంది?

“‘బావ’ అని పెడదామండీ.”

“వీడియో గేముకి బావేంట్రా? రేపు అత్తగార్ని కూడా తెమ్మంటావు.”

అలా అన్న మనిషే కొన్నాళ్లకు చిలకలపూడి నుంచి గిల్టు పూసిన చిన్న చిన్న రేకులు చేయించి తెచ్చారు. వాటి మీద ‘బావ’ అని ఉంది. నాతో ఒక్క మాటా అనలేదు. పాత పేరు కనబడకుండా వాటిని అతికించింది మాత్రం నేనే. వేళ్లకంటిన జిగురు అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు.

ఇక దుకాణం కళ చూడాలి.

“బావున్నాడాండీ?”

“ఉన్నాడండీ, లోపల కూర్చున్నాడు.”

“మా బావ రాత్రి నుంచి పలకట్లేదండీ, కాస్త అడాప్టర్ చూడండి.”

దివిసీమ పడవల వాళ్లూ కొన్నారు, ఆ పడవాయన కూడా కొన్నాడు. ఆయన కూతురు పెట్టెను ఒళ్లో పెట్టుకునే బస్సెక్కింది.

తర్వాతి మోడల్‌కు నన్ను అడగలేదు. ‘బావ గోల్డ్ ప్లస్ టూ థౌజండ్’ అని పెట్టారు. ఏది పాతదో ఏది కొత్తదో తెలియక జనం తికమకపడ్డారు. ఇప్పటి పెట్టెల పేర్లూ అంతే, అన్నీ అక్షరాలూ అంకెలూ. మా అబ్బాయి ఏదో కొనుక్కున్నాడు. దాన్ని పేరుపెట్టి పిలవడం నేను వాడి నోట ఎప్పుడూ వినలేదు.

ఈమధ్య వ్యాపారులంతా కలిసి మావయ్యకు శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని, “ఓ తెల్లవారుజామున ‘బావ’ అన్న మాట నాకు తట్టింది” అన్నారు. నేను కుర్చీలోంచి లేచాను.

“తట్టింది మీకా అండీ, మావయ్యా?”

“ఎవరూ, అల్లుడా! భోంచేసి వెళ్లరా, పులిహోర అయిపోతోంది.”

హాలంతా నవ్వింది. నేను భోంచేయలేదు.

మావయ్యా, ఆ పడవాయన పెట్టె వదిలేసి వెళ్లినప్పుడు మీరు దుకాణంలో లేరు. ఆ పిల్ల మొహం మీరు చూడలేదు. నేను చూశాను కాబట్టే ఆ పేరు పుట్టింది. శాలువా మీరే ఉంచుకోండి. మైకు అక్కర్లేదు, నలుగురిలో చెప్పక్కర్లేదు, ఫోన్ చేసి చెప్పినా చాలు. ఈసారి తిన్నావా అని అడగొద్దు. ‘బావ’ అని ముందు ఎవరన్నారో, అది చెప్పండి.