గుడి చుట్టూ ఆమె ఒక్కతే

ఇది ఎవరికీ చెప్పకుండా చాలా ఏళ్ళు బతికేను. తిన్నాను, నవ్వేను, పెళ్ళిళ్ళకెళ్ళి అక్షింతలు వేసేను. ఒంటరిగా కూర్చుంటే మాత్రం గుండెల మీద ఎవరో కాలు పెట్టి నిలబడ్డట్టుండేది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది అంబాజీపేట పక్క పల్లె. కొబ్బరితోటలున్న ఇల్లు. డెబ్బైల మొదట్లో సత్యవతిని పెళ్ళి చేసుకున్నాను. ఏళ్ళు గడిచినా పిల్లల్లేరు. కాకినాడలో డాక్టరుగారికి చూపించుకున్నాం. ఆయన నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి, ఆవిడలో ఏ లోపమూ లేదనీ, నాకే పిల్లలు పుట్టే అవకాశం లేదనీ చెప్పేరు. బయట బల్ల మీద సత్యవతి ఆత్రంగా కూర్చునుంది. దేవుడి మీద భారం వెయ్యమన్నారని చెప్పేను. ఎందుకలా అన్నాను? అప్పటికి నోటికొచ్చింది. మర్నాడు దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు.

అమ్మ ఆ మాట పట్టుకుంది. రోజూ తెల్లారేసరికి సత్యవతి కాలవలో మునిగి, తడిచీరతో శివాలయం చుట్టూ తిరిగేది. లింగానికి అభిషేకం చేసిన పాలు పానవట్టం కొస నుంచి జారుతుంటే, పూజారిగారు పట్టి ఆమె దోసిట్లో పోసేవారు. కళ్ళు మూసుకుని తాగేది. ఓ కార్తీకమాసంలో వణుకుతూ ఇంటికొచ్చి అడిగింది.

"పూజారిగారు చెప్పేరండీ. కింద పానవట్టం అమ్మవారంట, పైన లింగం అయ్యవారంట. ఇద్దరూ కలిస్తేనే సృష్టంట. మరి నేనొక్కదాన్నే తిరుగుతున్నానేంటండీ? రేపు మీరూ రాకూడదా?"

"లోపం ఎవరిలో ఉంటే వాళ్ళే తిరగాలి" అన్నాను.

"ఆయ్" అంది. తల వంచుకుని చీర మార్చుకోడానికి లోపలికెళ్ళింది.

కోపంలో జారిన మాట కాదది. అన్నీ తెలిసే అన్నాను.

తర్వాత అమ్మ నాకు రెండో పెళ్ళి చేస్తానని పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. ప్రేమ వల్లనా? ఆ వచ్చే మనిషికీ పిల్లలు పుట్టకపోతే నా గుట్టు బయటపడుతుందనే ఎక్కువ భయపడ్డాను. ఊరు మాత్రం, గొడ్రాలిని వదలకుండా ఏలుకుంటున్నాడని నన్ను మెచ్చుకుంది. సత్యవతి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం కూడా తీసుకున్నాను. ఆ కృతజ్ఞతతో ఆమె ఉపవాసాలు ఇంకా పెంచింది. చూస్తూ ఊరుకున్నాను.

ఎనభైల్లో ఆమెకి కామెర్లు ముదిరేయి. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, మీకో బిడ్డని ఇవ్వలేకపోయేను, క్షమించమంది. గదిలో మేమిద్దరమే. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? నేనేం చేసేనో తెలుసా? ఆమె తల నిమిరి, క్షమించేనన్నాను.

రెండు రోజులకి పోయింది.

నన్ను మన్నించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అంతే. సత్యవతి గొడ్రాలు కాదు. ఆ మాట నేను కాక ఇంకొక్కరికైనా తెలియాలి. ఇప్పుడు మీకు తెలిసింది.