అల్మాస్‌గూడ నుంచి తిరిగొచ్చిన డబ్బా

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గుండె జబ్బు పిల్లల వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేశాను. అక్కడ నన్ను భయపెట్టింది డ్యూటీ చార్టు ఒక్కటే.

మా దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లు నిండితే పిల్లల డాక్టరు చూడరు. ఎల్బీనగర్‌లో పెద్దవాళ్ల డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. పొమ్మంటే ఎలా పోతారు? పసితనం నుంచీ ప్రతి ప్రశ్నకీ అమ్మే జవాబు చెబుతుంటే, తమ జబ్బు పేరు కూడా వాళ్లకి నోరు తిరగదు. అవన్నీ నేర్పి, మొదటిసారి వెంట వెళ్లి అప్పగించేది నర్సులే. అదీ ఒక పనేనని పైవాళ్లు ఏనాడూ ఒప్పుకోలేదు. నాకు ఒళ్లు మండేది.

పిల్లలే మాట్లాడాలని, తల్లుల్ని డాక్టరు గది బయట ఉంచడానికి నాకో చిట్కా ఉండేది. నా టిఫిన్ డబ్బా చేతిలో పెట్టి, కాస్త చూస్తుండమ్మా అనేదాన్ని. అన్నం డబ్బా వదిలేసి ఏ తల్లీ లేచి రాదు.

అల్మాస్‌గూడ స్వప్నకి చిన్నప్పుడు మా దగ్గరే ఆపరేషన్ అయింది. ఈమధ్య కోచింగ్ క్లాసులో కళ్లు తిరిగి పడిపోతున్నానని నాతో చెప్పింది. అమ్మకి తెలిస్తే చదువు మాన్పిస్తుందని భయం. మా డాక్టరుకి చెబితే, పద్దెనిమిది నిండాయిగా, ఇక ఎల్బీనగర్‌లోనే చెప్పుకోమన్నారు. కొత్త డాక్టరుకి నువ్వే చెప్పాలి, నేను పక్కనుంటాను అని పిల్లకి మాటిచ్చాను.

తనని ఎల్బీనగర్ తీసుకెళ్లాల్సిన రోజే తెలంగాణ బంద్. నా బదులు డ్యూటీకి రావాల్సినామె రాలేదని మేట్రన్ నన్ను వార్డు దాటనివ్వలేదు. బతిమాలాను, పోట్లాడాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది. మధ్యాహ్నం తిందామంటే నా డబ్బా కూడా కనపడలేదు. ఆయాల మీద అరిచాను.

మర్నాడు స్వప్న తల్లి వచ్చింది. పిల్ల తనంతట తానే అంతా చెప్పిందట. పరీక్ష చేస్తే గుండె లయ తప్పుతోందని తేలి, వెంటనే చేర్చుకున్నారట. ఆలస్యమైతే దక్కేది కాదన్నారట. చెబుతూనే సంచిలోంచి నా డబ్బా తీసింది. మూత మీద నా పేరు, అంచున పాత సొట్ట.

"మీరే కద సిస్టరమ్మా, నిన్న ఇది నా చేతుల వెట్టి రూము బయటనే కూసోమన్నరు. బిడ్డెంబడి లోపలికి వోయిండ్రు. మల్ల డబ్బా అడగకుండనే పోయిండ్రు."

నేను రాలేదన్నాను.

"గట్లంటరేంది" అని నవ్వింది. తర్వాత స్వప్న కూడా అదే మాట చెప్పింది, నేను తన చెయ్యి పట్టుకునే ఉన్నానని. ఆ రోజంతా నేను వార్డులోనే ఉన్నాననడానికి మేట్రనే సాక్షి.

ఖాళీ డబ్బా ఇవ్వకూడదని ఆ తల్లి అందులో సర్వపిండి పెట్టి తెచ్చింది. నేను చేయని పనికి నాకు దండం పెట్టింది. ఒక్క నర్సుని పంపడం మావాళ్లకి చేతకాలేదు. మరి నా డబ్బా పట్టుకుని వెళ్లిందెవరో, ఆమెని పంపిందెవరో, నాకు ఇప్పటికీ తెలియదు.