ముందు చక్రం మీద కిళ్లీ ఉమ్మి

ఇవాళ మా అమ్మాయితో వస్తుంటే, రొంపిచెర్ల దాటాక కారు ముందు చక్రం మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు వినగానే నా ముక్కుకి కిరసనాయిలు కంపు తగిలింది. ఎనభైల్లో జీపున్న ఇళ్లలో పెరిగినవాళ్లకి ఎందుకో తెలుస్తుంది.

మాచర్ల, గురజాల మధ్య జనాన్ని కుక్కి తిప్పే జీపు మా నాన్నది. చక్రం మూలిగితే బండి ఆపి, కిళ్లీ నములుతూనే చక్రం మధ్యలో హబ్బు మీద తుపుక్కున ఉమ్మేవాడు. వేడికి చుయ్‌మంటే లోపల బేరింగు పోయినట్టే.

"ఛీ, నాన్నా!" అనేదాన్ని.

"చెయ్యి పెడితే కాలుద్దే. చూడకుండా పోతే చక్రం ఊడి ఇంతమంది చస్తారు. ఏంది ఛీ?" అనేవాడు.

ఇంటికొచ్చి పాత బేరింగు కొట్టి తీసి, కొత్తదానికి అరచేత్తో గ్రీజు కూరేవాడు. అమ్మ బియ్యం కడిగే సత్తు గిన్నెలోనే కిరసనాయిలు పోసి హబ్బు కడిగేవాడు. ఆ పూట అన్నమంతా అదే కంపు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజుతోనే పచ్చడి కలిపి ముద్ద పెట్టబోతే, ఒకసారి ఆయన చేతిలోనే కక్కాను.

ఇవాళ కారు ఆపాను. రోడ్డు మీద ఎవరూ లేరు. చక్రం మధ్య మూత పీకి ఉమ్మాను. చుయ్‌మంది.

"ఛీ, అమ్మా!" అంది మా అమ్మాయి.

"మెకానిక్కుకి ఫోన్ చెయ్యవే, బేరింగు పోయింది" అన్నాను మూతి తుడుచుకుంటూ.