పాత సైజు రింగులు

మంత్రాలయం రైల్వే స్టేషన్ నుంచి మఠానికి భక్తులను తన కారులో చేరవేసే మహాదేవికి ఆ రోజు ఒళ్లు మండిపోయింది. ఇంజను మొత్తం విప్పి బాగుచేయించి వారమైనా కాలేదు, వెనక గొట్టం నుంచి మళ్లీ నీలంగా పొగ. అడిగితే, ఆ పని చేసిన మెకానిక్ హనుమేష్ స్టాండులో డ్రైవర్లందరి ముందూ నవ్వాడు.

"బండి బాగానే ఉండాది. ఆడోళ్లకు తోలేది చేతకాదు, అంతే."

"నేను తోలేది తర్వాత చూద్దాం. ముందు ఇంజను విప్పప్పా," అంది మహాదేవి. విప్పేదాకా అతని షెడ్డులోంచి కదల్లేదు.

పిస్టన్ మీది రింగు ఒకటి తీయించి, సిలిండర్లో పెట్టి చూసింది. దాదాపు కలిసిపోవాల్సిన రింగు రెండు కొసల మధ్య ఆమె వేలిగోరు దూరిపోయింది. సిలిండర్లు అరగదీసి పెద్దవి చేసి, పెద్ద పిస్టన్లు వేసిన హనుమేష్, రింగులు మాత్రం పాత సైజువే వేశాడు. ఆ సందులోంచే ఆయిలు పైకెక్కి కాలుతోంది.

"పెద్దవి దొరకలేదక్కా. నడిస్తే సర్దుకుంటాయనుకుంటి."

"తప్పు నువ్వు చేసి నా మింద తోస్తావా?"

కర్నూలు నుంచి సరైన రింగులు తెప్పించి బిగించాడు. పొగ ఆగింది. మహాదేవి మాత్రం అతను ఇవ్వబోయిన కారు తాళం అందుకోలేదు.

"స్టాండుకు రా. నన్ను అందరి ముందర అన్నావు గదా, నిజం గూడా అందరి ముందరే చెప్పు."

హనుమేష్ తల దించుకుని చెప్పాడు. ముందు అతని మాటే నమ్మిన డ్రైవర్లు ముఖాలు తిప్పుకున్నారు. అయినా ఆమె కోపం తగ్గలేదు. మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.